వెడ్డింగ్ అంటే మొదట పెళ్ళి కాదు
(ఒక సాయంత్రపు సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో లిండిస్‌ఫార్న్ సువార్తలు అని ఒక రాతప్రతి ఉంది. ఇంగ్లండ్ ఈశాన్య తీరాన లిండిస్‌ఫార్న్ అనే చిన్న ద్వీపం, అక్కడొక మఠం. సుమారు 700 ప్రాంతంలో ఆ మఠంలో దూడచర్మం మీద లాటిన్‌లో రాసిన పుస్తకం అది. రంగురంగుల బొమ్మలతో, అల్లికలతో చూడముచ్చటగా ఉంటుంది. కానీ నేను చెప్పబోయేది బొమ్మల గురించి కాదు, వరుసల మధ్య ఇరికించి రాసిన చిన్న చిన్న అక్షరాల గురించి.

పుస్తకం పుట్టిన రెండున్నర శతాబ్దాల తర్వాత ఆల్డ్రెడ్ అనే మతగురువు దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఊరి పేరు చెస్టర్-లె-స్ట్రీట్. ప్రతి లాటిన్ మాట నెత్తిన దానికి సరిపడే ఇంగ్లీషు మాట రాసుకుంటూ పోయాడు. మన పండితులు శ్లోకానికి ప్రతిపదార్థం రాస్తారు చూడండి, అచ్చం అలాగే. ఇంగ్లీషులో నాలుగు సువార్తలకూ మిగిలి ఉన్న అనువాదాల్లో అన్నిటికన్నా పాతది ఇదే.

మత్తయి సువార్త మొదటి అధ్యాయం, 18వ వచనం దగ్గరికి వచ్చేసరికి ఆయన కలం ఆగింది. తెలుగు బైబిల్ చదివేవాళ్ళకి ఆ వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది. మరియ యోసేపునకు ప్రధానము చేయబడిన తరువాత, అని వస్తుంది. మన క్రైస్తవ కుటుంబాల్లో నిశ్చితార్థాన్ని ఇప్పటికీ ‘ప్రధానం’ అనే అంటారు కదా, ఆ మాటే. లాటిన్‌లో అక్కడ ఉన్నది ‘డెస్పొన్సాతా’. ఆల్డ్రెడ్ మామూలుగా ఒక మాటకి ఒక మాట, మహా అయితే రెండు రాస్తాడు. ఇక్కడ ఏకంగా నాలుగు రాశాడు. ‘బివెడెడ్’ లేదా ‘బెబోడెన్’ లేదా ‘బెఫెస్ట్‌నాడ్’ లేదా ‘బెటాహ్ట్’. పూచీ పెట్టి ఖాయం చేసుకున్న, ఒకరి సంరక్షణలో ఉంచిన, కట్టుబాటు చేసిన, అప్పజెప్పిన. అదీ చాలక మార్జిన్‌లో ఒక వివరణ కూడా చేర్చాడు. యాజకుడు ఆమెను యోసేపుకి అప్పగించింది కాపాడమనే గాని భార్యగా ఏలుకోమని కాదట!

ఎందుకంత టెన్షన్ పడ్డాడు? నా ఊహ చెబుతాను. మరియ కన్య అన్నది ఆయన విశ్వాసానికి మూలస్తంభం. తన ఊరివాళ్ళు ‘బివెడెడ్’ అని వింటే ఆమె దాదాపు భార్య అయిపోయిందనే అనుకుంటారు. నిశ్చితార్థానికి అప్పట్లో అంత బరువుండేది. అందుకే ఆ మాట మొదట రాసి, వెంటనే మూడు మాటలు దాని పక్కన కాపలా పెట్టాడు.

ఆ ‘బివెడెడ్’లో ఉన్న ‘వెడ్’ ఈ రోజు మన ఇళ్ళలో అందరి నోటా నానుతున్నదే. వెడ్డింగ్ కార్డు, వెడ్డింగ్ హాలు, ప్రీ-వెడ్డింగ్ షూటు. ఆల్డ్రెడ్ కాలంలో మాత్రం ‘వెడ్డుంగ్’ అంటే పెళ్ళి కాదు, పెళ్ళి ఖాయం చేసుకోవడం. ఆ లెక్కన ప్రీ-వెడ్డింగ్ షూటు పెళ్ళిచూపుల కన్నా ముందే తియ్యాలి. (నవ్వులు)

ఇంకా లోపలికి వెళితే ‘వెడ్’ అనే మాటలో అసలు పెళ్ళి వాసనే లేదు. పాత ఇంగ్లీషులో దాని అర్థం పూచీ, జామీను, తాకట్టు పెట్టిన వస్తువు. పొలం తగాదాలోనైనా, రాజుగారితో సంధిలోనైనా, అన్నమాట మీద నిలబడతానని నమ్మకం కలిగించడానికి ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. ఆ పెట్టేది ‘వెడ్’. దాని చుట్టాలన్నీ ఆ దారినే ఉన్నాయి. జర్మన్‌లో ‘వెట్టె’ అంటే పందెం. స్వీడిష్‌లో ‘వాద్’ అన్నా పందెమే. పందెంలోనూ ఏదో ఒకటి ఒడ్డాలి కదా.

అన్నిటికన్నా పాత సాక్ష్యం గోథిక్ భాషలో దొరుకుతుంది. ఇంగ్లీషు, జర్మన్‌లకు చుట్టమైన పాత భాష అది, ఇప్పుడు వాడుకలో లేదు. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ బైబిల్‌ని గోథిక్‌లోకి తెచ్చాడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయం 22వ వచనంలో గ్రీకు మూలం ‘అర్రబోన్’ అంటుంది. గోథిక్‌లో దానికి ‘వాది’ అని ఉంది. మన ‘వెడ్’కి తోబుట్టువు. తెలుగు బైబిల్ అక్కడే ‘సంచకరువు’ అంటుంది. అంటే ఇల్లో పొలమో బేరం కుదిరాక చేతిలో పెట్టే బయానా. ఆ గ్రీకు ‘అర్రబోన్’ కూడా అచ్చ గ్రీకు కాదు, పశ్చిమాసియా వర్తకులు ఓడల్లో మోసుకొచ్చిన సెమిటిక్ మాట, అంటే హీబ్రూ, అరబ్బీల కుటుంబానిది. ఇవాళ ఏథెన్స్‌లో నిశ్చితార్థాన్ని ఏమంటారో తెలుసా? ‘అర్రవోనాస్’. బయానా అనే మాటే అక్కడ నిశ్చితార్థమై కూర్చుంది. ఇంగ్లండ్‌లో జామీను, గ్రీసులో బయానా. రెండు చోట్లా పెళ్ళిమాట సంత నుంచే వచ్చింది.

లాటిన్ మాత్రం తక్కువ తిన్నదా? ‘స్పొన్‌దేరె’ అంటే గట్టిగా హామీ ఇవ్వడం. ఆ ధాతువులోంచే ‘స్పౌజ్’ వచ్చింది, ‘స్పాన్సర్’ కూడా వచ్చింది. క్రికెట్ జట్టుకి చొక్కాలిచ్చే కంపెనీకీ, దరఖాస్తు ఫారంలో జీవిత భాగస్వామి గడికీ ధాతువు ఒకటే.

సరే, ఇంగ్లండ్‌కి వద్దాం. మాట అర్థం చెప్పుకుంటే చాలదు, పని ఎలా జరిగేదో చూడాలి. అదృష్టం కొద్దీ అప్పటి పద్ధతి వివరించే కాగితం ఒకటి మిగిలింది. 1000వ సంవత్సరానికి కొంచెం అటూ ఇటూ రాసింది. దాని పేరు ‘బె విఫ్‌మన్నెస్ బెవెడ్డుంగె’, ఆడపిల్లను ఖాయం చేసుకోవడం గురించి అని. తొమ్మిదే తొమ్మిది అంశాలు. మధ్యవర్తి అనుభవంతో రాసినట్టుంటుంది.

వరుడు ఒక పిల్లనో, భర్త పోయిన స్త్రీనో చేసుకోవాలనుకున్నాడు. అది ఆమెకీ ఆమె బంధువులకీ ఇష్టం కావాలి. ఆమెకీ, అన్న మాట అక్కడ ఉంది, గమనించండి. ఆమె తరఫు పెద్దల ముందు వరుడు ‘వెడ్’ పెట్టి, దైవధర్మం ప్రకారం భార్యగా చూసుకుంటానని మాటివ్వాలి. అతని మాట ఒక్కటీ సరిపోదు, అతని స్నేహితులు పూచీ పడాలి. తర్వాత, పిల్లను పెంచినందుకు ఇచ్చే సొమ్ము ఎవరికి చెందుతుందో తేల్చుకోవాలి. దానికి మళ్ళీ వెడ్, మళ్ళీ స్నేహితుల పూచీ. ఆపైన, తనను ఒప్పుకున్నందుకు ఆమెకేమిస్తాడో, తను ముందు పోతే ఆమెకేం మిగులుతుందో పైకి చెప్పాలి. ఒప్పందం అలా కుదిరితే ఆస్తిలో సగం ఆమెది. బిడ్డ కలిగితే మొత్తం ఆమెదే, మళ్ళీ పెళ్ళి చేసుకోనంత వరకు. అన్నీ కుదిరాక బంధువులు పిల్లను ఖాయం చేస్తారు, పూచీలన్నీ ఒక పెద్దమనిషి చేతికి వెళతాయి.

నాకు బాగా నచ్చింది ఏడో అంశం. పిల్లను వేరే ప్రభువు ఏలుబడిలో ఉన్న ఊరికి తీసుకెళ్ళేట్టయితే, అక్కడ ఆమెకి అన్యాయం జరగదని పుట్టింటివాళ్ళకి ముందే హామీ ఉండాలి. ఆమె అక్కడ ఏదైనా తప్పు చేసి, జరిమానా కట్టే స్తోమత లేకపోతే, తామే కట్టుకునే హక్కు పుట్టింటికి ఉండాలి. దూరపు సంబంధం ఇచ్చిన ఏ తల్లిదండ్రుల మనసులోనైనా ఉండే భయాన్ని చట్టం భాషలో పెట్టారు.

ఇంతకీ పురోహితుడెక్కడ? ఎనిమిదో అంశంలో వస్తాడు. పెళ్ళికి న్యాయంగా ఒక మతగురువు ఉండి దేవుని దీవెనతో కలపాలి, అని ఒక వాక్యం. తొమ్మిదో అంశం, దగ్గరి చుట్టరికం లేదని చూసుకోండి అని. అయిపోయింది. ఏడు అంశాలు ఒప్పందానికి, ఒకటి దీవెనకి. ఆ కాలపు తూకం అది.

ఇది ఆడపిల్లను కొనడమా అని మీకు అనిపించవచ్చు. మన దగ్గర ఓలి, కన్యాశుల్కం అన్న మాటలు ఉన్నాయి కాబట్టి ఆ అనుమానం సహజం. 600 ప్రాంతంలో కెంట్‌ను ఏలిన ఎథెల్‌బెర్ట్ రాజు శాసనం నిర్మొహమాటంగానే మాట్లాడుతుంది. ధర ఇచ్చి కన్యను కొంటే, మోసం లేకపోతే బేరం నిలుస్తుంది. మోసం ఉంటే పిల్లను పుట్టింటికి పంపి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. నాలుగు శతాబ్దాల తర్వాత క్నూట్ రాజు శాసనం అందుకు పూర్తిగా తిరగబడింది. తనకు నచ్చనివాణ్ణి చేసుకోమని ఏ స్త్రీనీ బలవంతపెట్టకూడదు, డబ్బుకి ఇవ్వకూడదు, వరుడు ఇష్టపడి ఏదైనా ఇస్తే అది వేరు. మధ్యలో జరిగిందేమిటంటే డబ్బు నడిచే దారి మారింది. తండ్రి చేతికి పోయేది మెల్లగా పిల్ల చేతికి మళ్ళింది. శాసనంలో రాశారు కదాని ఊరూరా అలాగే జరిగిందని నేననను.

క్నూట్ కాలానిదే ఒక అసలు ఒప్పందం ఉంది. కెంట్ ప్రాంతం, 1016కీ 1020కీ మధ్య. గాడ్విన్ అనే ఆయన బ్రిహ్‌ట్రిక్ కూతుర్ని అడిగాడు. కింగ్‌స్టన్‌లో రాజుగారి సమక్షంలోనే మాటలు జరిగాయి. తనను ఒప్పుకున్నందుకు పిల్లకి ఒక పౌండు బంగారం. స్ట్రీట్ అనే ఊళ్ళో భూమి. బర్మార్ష్‌లో 150 ఎకరాలు. 30 ఎడ్లు, 20 ఆవులు, 10 గుర్రాలు, 10 మంది బానిసలు. అవును, ఎడ్ల పక్కనే మనుషుల్ని కూడా లెక్కరాశారు. ఆ సమాజం అలాంటిది, దాన్ని దాచి అందమైన కథ చెప్పలేం. పిల్లను బ్రైట్‌లింగ్ నుంచి తీసుకొచ్చిన రోజున పూచీ పడ్డవాళ్ళ పేర్ల జాబితా ఉంది. ఫోక్‌స్టన్ మతగురువు ఉన్నాడు, డోవర్ మతగురువు ఉన్నాడు. వాళ్ళు మంత్రాలు చదవడానికి రాలేదు, జామీను పడడానికి వచ్చారు. ఇద్దరిలో ఎవరు ఎక్కువకాలం బతికితే ఆస్తంతా వాళ్ళదే. ఈ షరతులు కెంట్‌లో, ససెక్స్‌లో పెద్దాచిన్నా అందరికీ తెలుసని కూడా రాశారు. మూడు ప్రతులు తీశారు. ఒకటి కాంటర్‌బరీలో క్రైస్ట్ చర్చికి, ఒకటి సెయింట్ ఆగస్టీన్ మఠానికి, ఒకటి పిల్ల తండ్రికి.

ఇంత పకడ్బందీగా రాసిన కాగితంలో లేనిది ఒక్కటే, పెళ్ళికూతురి పేరు. మొదటి నుంచి చివరిదాకా ఆమె ‘అతని కూతురు’, ‘ఆ పిల్ల’.

మరి పెళ్ళిని వాళ్ళేమనేవారు? మాటలు చాలా ఉన్నాయి. ‘గిఫ్టా’ అనేవారు, పిల్లనివ్వడం. ‘బ్రైడల్’ అనే మాట కూడా అప్పటిదే. ‘బ్రీద్-ఎయాలు’, పెళ్ళికూతురి పేర పోసే ఏల్, అంటే బీరు లాంటి పానీయంతో విందు. 1075లో అలాంటి విందులోనే కొందరు ప్రభువులు విలియం రాజు మీద కుట్ర పన్ని పట్టుబడ్డారు. ఆంగ్లో-సాక్సన్ వృత్తాంతం అనే అప్పటి చరిత్ర గ్రంథం ఆ సంగతి ప్రాసతో చెబుతుంది, ఆ పెళ్ళివిందు ఎందరికో ప్రాణగండమైందని. ఇది దారి తప్పడమే, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

ఖాయం చేసుకోవడం అనే మాట పెళ్ళిగా ఎప్పుడు మారింది? దీనికి కారణం చర్చి గుమ్మం. 12వ శతాబ్దంలో పోప్ మూడో అలెగ్జాండర్ కాలానికి ఒక సూత్రం స్థిరపడింది. ‘నిన్ను భార్యగా స్వీకరిస్తున్నాను’ అని వర్తమానంలో ఇద్దరూ అనుకుంటే చాలు, పెళ్ళి అయిపోయినట్టే. సాక్షులు లేకపోయినా, గురువు లేకపోయినా. ‘స్వీకరిస్తాను’ అని భవిష్యత్తులో అంటే అది నిశ్చితార్థం, కానీ ఆ తర్వాత కాపురం చేస్తే అదీ పెళ్ళే. క్రియాపదం కాలం మీద జీవితాలు ఆధారపడ్డాయి. పొలం గట్టు మీద, పొయ్యి పక్కన అన్నమాటలు ఏ కాలంలో అన్నారో తేల్చడానికి చర్చి కోర్టుల్లో సాక్షుల్ని విచారించేవారు. గ్రామర్ టీచర్లకి అంత గౌరవం మళ్ళీ ఎన్నడూ దక్కలేదు.

ఈ గందరగోళం తప్పించాలంటే మాటలు అందరి ముందు అనిపించాలి. అందుకని చర్చి గుమ్మం దగ్గర నిలబెట్టారు. పాత పద్ధతిలో ఇంట్లో జరిగే ఒప్పందం, వస్తువు ఇవ్వడం, పిల్లను అప్పగించడం అన్నీ ఆ గుమ్మం ముందుకే చేరాయి. తర్వాత లోపలికెళ్ళి ప్రార్థన. అలా ‘వెడ్డింగ్’ అనే పని వెళ్ళి పెళ్ళిరోజులో కలిసిపోయింది, మాట కూడా దాని వెంటే వెళ్ళింది. 1549 నాటి ఇంగ్లీషు ప్రార్థన పుస్తకంలో వరుడు ఉంగరం తొడుగుతూ అనే మాట వినే ఉంటారు, ‘విత్ దిస్ రింగ్ ఐ దీ వెడ్’. ఈ ఉంగరంతో నిన్ను పెళ్ళాడుతున్నాను అని మనం అర్థం చెప్పుకుంటాం. పాత చెవితో వింటే, ఈ ఉంగరాన్ని పూచీగా పెడుతున్నాను అని. ఆ వెంటనే, ఈ బంగారం వెండి నీకిస్తున్నాను అని కూడా ఉండేది. 1552 పుస్తకంలో బంగారం వెండి మాట తీసేశారు. ‘ఐ ప్లైట్ దీ మై ట్రోత్’ కూడా ఇలాంటిదే. ట్రోత్ అంటే సత్యం, నమ్మకం. దాని నుంచే ‘బిట్రోత్’ వచ్చింది. ప్లైట్ అంటే ఆపదకి ఒడ్డడం.

వెడ్డింగ్ పెళ్ళిలోకి వెళ్ళిపోయాక నిశ్చితార్థం కుర్చీ ఖాళీ అయింది. దాంట్లో కూర్చోవడానికి చాలా మాటలు వచ్చాయి. ఉత్తరాది నుంచి వచ్చింది ‘హ్యాండ్‌ఫాస్ట్’. ఈ ఫాస్ట్‌కి వేగంతో, ఉపవాసంతో పని లేదు, బిగించడం అని అర్థం. బేరం కుదిరాక చేతిలో చెయ్యి వేసే వైకింగుల మాట నుంచి వచ్చింది. 12వ శతాబ్దంలో ఓర్మ్ అనే మఠవాసి సువార్తల్ని ఇంగ్లీషు పద్యాల్లో వివరిస్తూ మరియ యోసేపుకి ‘హాండ్‌ఫెస్ట్’ అయిందని రాశాడు. ఆల్డ్రెడ్ నాలుగు మాటలతో తంటాలు పడ్డ సందర్భమే అది, రెండు శతాబ్దాల తర్వాత ఒక్క మాటతో సరిపోయింది.

హ్యాండ్‌ఫాస్ట్ గురించి ఇంటర్నెట్‌లో ఒక కథ తెగ తిరుగుతోంది. స్కాట్‌లాండ్‌లో పూర్వం ఏడాది ఒక రోజు కలిసి ఉండి, నచ్చకపోతే విడిపోయేవారట, దాన్నే హ్యాండ్‌ఫాస్టింగ్ అనేవారట. 1772లో పర్యటించిన థామస్ పెనంట్ ఎస్క్‌డేల్‌లో అలాంటి సంగతి ఒకటి విని రాశాడు. 1820లో వాల్టర్ స్కాట్ ఒక నవలలో వాడాడు. ఇంకేముంది, నిజమైపోయింది. 1958లో ఆంటన్ అనే న్యాయశాస్త్ర పండితుడు పాత రికార్డులు తిరగేసి, హ్యాండ్‌ఫాస్టింగ్ అంటే మామూలు నిశ్చితార్థమేనని వాదించాడు. నాకు ఆయన మాటే సబబుగా తోస్తుంది. పైన చెప్పిన పోప్ సూత్రం గుర్తు చేసుకోండి. మాట ఇచ్చుకుని కాపురం పెడితే చట్టప్రకారం పెళ్ళే. చర్చికి తర్వాత తీరికగా వెళ్ళే జంటల్ని చూసి, బయటివాళ్ళు ‘ట్రయల్’ అనుకున్నారు.

చివరికి ఆ కుర్చీ దక్కింది ‘ఎంగేజ్‌మెంట్’కి. 18వ శతాబ్దంలో ఈ అర్థంలో స్థిరపడింది. ఇక్కడే అసలు తమాషా. ‘వెడ్’కి తోడబుట్టిన జర్మానిక్ మాట ఒకటి ఫ్రాంకులనే తెగ వెంట ఫ్రాన్స్‌కి వెళ్ళింది. ఫ్రెంచివాళ్ళు మొదట్లో ఉండే ‘వ’ని ‘గ’ చేసేస్తారు, ఫ్రాన్స్ ఉత్తరాదివాళ్ళు మాత్రం ‘వ’ని అలాగే ఉంచారు. మనం రోజూ వాడే వారంటీ, గ్యారంటీ ఒకే మాటకి అలా పుట్టిన రెండు రూపాలు. ఆ తీరులోనే మన మాట ‘వేజ్’ అయింది, ‘గేజ్’ అయింది. వేజెస్ అంటే జీతం, వేజర్ అంటే పందెం. గేజ్ అంటే తాకట్టు, మార్ట్‌గేజ్‌లో ఉన్నది అదే. ఎన్-గేజ్, తాకట్టులో పెట్టడం. కాబట్టి ఎంగేజ్‌మెంట్, వెడ్డింగ్, మార్ట్‌గేజ్ ఒకే కడుపున పుట్టినవి. హోమ్ లోన్ తీసుకుని పెళ్ళి చేసుకున్నవాళ్ళు మూడూ అనుభవించినట్టే. (నవ్వులు)

మాట నిలిచినా దాని వెనకున్న చట్టబలం మాత్రం కరిగిపోతూ వచ్చింది. 1753లో హార్డ్‌విక్ ప్రభువు తెచ్చిన చట్టం తర్వాత, ఇంగ్లండ్‌లో మాటిచ్చావు కాబట్టి చేసుకో అని చర్చి కోర్టు బలవంతపెట్టే వీలు పోయింది. పెళ్ళి చర్చిలోనే జరగాలి, లైసెన్సో ముందస్తు ప్రకటనో ఉండాలి. తొందరున్న జంటలు సరిహద్దు దాటి స్కాట్‌లాండ్‌లోని గ్రెట్నా గ్రీన్‌కి పారిపోయేవారు, అక్కడ పాత సూత్రమే నడిచేది కనుక. మాట తప్పినందుకు నష్టపరిహారం అడిగే హక్కు మాత్రం ఇంకా ఉండేది. దాన్ని 1970 చట్టం తీసేసింది, 1971 జనవరి 1 నుంచి అమలు. ఆ చట్టమే ఉంగరం సంగతి కూడా తేల్చింది. నిశ్చితార్థపు ఉంగరాన్ని పూర్తి కానుకగానే భావిస్తారు. పెళ్ళి జరక్కపోతే తిరిగివ్వాలన్న షరతు మీద ఇచ్చానని రుజువు చేస్తే తప్ప అది వెనక్కి రాదు. అంటే, ఇది ‘వెడ్’ కాదు ‘గిఫ్ట్’ అని పార్లమెంటు తీర్పు.

ఒక ప్రశ్న వచ్చింది, చదువుతాను. ‘మన వధువుకీ ఇంగ్లీషు వెడ్‌కీ సంబంధం ఉందా?’ నేను ఎదురుచూస్తున్న ప్రశ్నే. వినడానికి దగ్గరగా ఉన్నాయి, పైగా రెండూ పెళ్ళిమాటలు. అయినా నిఘంటువులు సాధారణంగా వీటిని విడిగానే ఉంచుతాయి. మన పండితులు వధువును ‘వహ్’ ధాతువుతో ముడిపెడతారు, వివాహంలో ఉన్నది కూడా అదే. పాశ్చాత్య భాషావేత్తలు ‘వెంటబెట్టుకు నడిపించడం’ అనే అర్థమున్న ధాతువు వైపు చూపిస్తారు. లిథువేనియన్‌లో ‘వెస్తి’ అంటే నడిపించడం, భార్యను తెచ్చుకోవడం. లాటిన్‌లో కూడా మగవాడు భార్యను ‘నడిపించుకు వస్తాడు’. వధువు ఆ వైపు మాట, పుట్టింటి నుంచి నడిచి వచ్చే మనిషి. వెడ్ మాత్రం ఆమె బయలుదేరక ముందు పెద్దల చేతులు మారిన జామీను.